మడ్డి మాటున తుప్పు

పైకి కనిపించే తుప్పుతో పెద్ద పేచీ లేదు. గీకి రంగేస్తే సరి. ఇసుకా మట్టీ ముసుగేసుకుని, ఒక్కచోటే తిష్ఠవేసి, ఇనుమును లోపల్లోపలే తినేసే తుప్పుతోనే తంటా అంతా. అలాస్కా చమురు గొట్టమైనా, మన బాల్కనీలో కూలరైనా... అది పనిచేసే తీరు ఒక్కటే!

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, బాల్కనీ మూలన గోనెపట్టా కప్పుకుని పడున్న కూలర్‌కి మెలకువ వస్తుంది. పాత గడ్డి పీకి కొత్తది పెడతాం. మోటారు తిప్పి చూస్తాం. తొట్టి నిండా నీళ్లు పోసి, అమ్మయ్య అనుకుంటాం. పది నిమిషాలు తిరక్కుండానే గచ్చంతా తడి. ఎక్కడ కారుతోందా అని తొట్టిని బోర్లిస్తే, అడుగున గుండుసూది తలకాయంత చిల్లు!

కిందటేడు మా ఇంట్లో ఇదే జరిగింది. రేకు నాసిరకం అయ్యుంటుందని నేను విసుక్కుంటుంటే, మెకానిక్ మాత్రం ఒకటే ప్రశ్న వేశాడు. ‘పోయినేడు పక్కన పెట్టేటప్పుడు అడుగున మట్టి కడిగారా సార్?’ కడగలేదు. బోరునీళ్ల ఉప్పు, గడ్డిపొట్టు, దుమ్ము కలిసి ఓ మూల అట్టకట్టి ఉంది. చిల్లు సరిగ్గా ఆ అట్ట కిందే. దాని పక్కన బెత్తెడు దూరంలో రేకు స్క్రూడ్రైవర్‌తో పొడిచినా చెక్కుచెదర్లేదు. కాస్త ఎం-సీల్ పూసి అతను వెళ్లిపోయాడు. ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఒకే రేకు, ఒకే నీళ్లు. మట్టి ఉన్న చోటే ఎందుకు పోయింది? నిజానికి ఆ మట్టి నీటికీ రేకుకీ మధ్య అడ్డంగా ఉండి కాపాడాలి కదా!

ఇలాంటి మట్టిని పట్టించుకోనందుకే 2006లో ఓ పెద్ద చమురు సంస్థ భారీ మూల్యం చెల్లించింది.

వాసన పట్టించింది

2006 మార్చి 2. అమెరికాలోని అలాస్కా రాష్ట్రం ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ సముద్రం ఒడ్డునున్న ప్రూడో బే. ఆ దేశంలోకెల్లా పెద్ద చమురు క్షేత్రాల్లో ఒకటి. అప్పట్లో దాన్ని నడుపుతున్నది బీపీ సంస్థ. ఎటు చూసినా మంచు. ఓ ఆపరేటర్ వాహనంలో వెళ్తున్నాడు. ఉన్నట్టుండి ముక్కుకి ముడిచమురు వాసన తగిలింది. దిగి చూస్తే మంచు కింద నల్లగా చమురు మడుగు.

ఆ చమురు వచ్చింది 34 అంగుళాల వ్యాసమున్న కార్బన్ స్టీల్ గొట్టంలోంచి. కారిబూలనే ధ్రువప్రాంతపు జింకలు అటూ ఇటూ దాటడానికి వీలుగా ఆ గొట్టాన్ని కొంతమేర కంకరదిబ్బ కిందనుంచి తీసుకెళ్లారు. చిల్లు పడింది అక్కడే. ఎంత చిల్లు? పావు అంగుళం వెడల్పు, అర అంగుళం పొడవు. చింతగింజంత అనుకోండి. అందులోంచి సుమారు 8 లక్షల లీటర్ల ముడిచమురు కారిపోయింది. 20 వేల లీటర్లు పట్టే ట్యాంకర్ లారీలైతే 40 కావాలి. అదీ ఒక్క గంటలో కారింది కాదు, కనీసం అయిదు రోజులపాటు! లీకేజీని పసిగట్టే వ్యవస్థ లేకపోలేదు. అంతకుముందు వారంలో అది హెచ్చరించింది కూడా. మీటర్ల లెక్కలో తేడా కాబోలనుకున్నారు. ఆ ప్రాంతంలో అప్పటిదాకా నేలపాలైన చమురులో అదే అతి ఎక్కువ.

కథ అక్కడితో ఆగలేదు. ప్రభుత్వం గట్టిగా అడగడంతో మిగతా గొట్టాలనూ లోపలినుంచి పరీక్షించారు. తూర్పువైపు గొట్టంలో 12 చోట్ల, మొత్తం 16 గుంటలు తేలాయి. కొన్నిచోట్ల గోడ మందంలో 70 నుంచి 81 శాతం దాకా హరించుకుపోయింది. 2006 ఆగస్టు 6న బీపీ ఆ క్షేత్రాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. రోజుకు 4 లక్షల బ్యారెళ్లు... అంటే అప్పటి అమెరికా చమురు ఉత్పత్తిలో దాదాపు 8 శాతం. తర్వాత పడమటి సగాన్ని నడవనిచ్చారు కానీ, ఈలోగానే ప్రపంచ మార్కెట్లో బ్యారెల్ ధర 2 డాలర్లకు పైగా ఎగిరింది. తుప్పు గుంటల దెబ్బకి!

ఊపిరాడని చోటే కరుగుతుంది

ఇంతకీ మట్టి కింద ఏం జరుగుతుంది? ఇది తెలియాలంటే కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ ఎవాన్స్ గురించి చెప్పుకోవాలి. తుప్పు అధ్యయనాన్ని శాస్త్రంగా నిలబెట్టినవారిలో ముఖ్యుడు. ఆయన పేరుమీద ఓ చిన్న ప్రయోగం ఉంది. ఇప్పటికీ కాలేజీ ల్యాబుల్లో చేయిస్తుంటారు. నున్నగా రుద్దిన ఇనపరేకు మీద ఒకే ఒక్క ఉప్పునీటి బొట్టు వేస్తారు. ఇనుము కరిగితే నీలంగా, క్షారం పుడితే గులాబీరంగుగా మారే రసాయనాలు ఆ నీటిలో ముందే కలుపుతారు. కాసేపటికి బొట్టు అంచు చుట్టూ గులాబీ వలయం వస్తుంది, నడిమధ్యన నీలం.

దీని అర్థం ఏమిటంటే... గాలి తగిలేది బొట్టు అంచుకి. ప్రాణవాయువు అక్కడ పుష్కలం. మధ్యలో నీరు మందంగా ఉంటుంది, అక్కడికి ప్రాణవాయువు సరిగా అందదు. ప్రాణవాయువు ఎక్కడుంటే అక్కడ తుప్పు పడుతుందని కదా మనం బళ్లో చదువుకున్నది! ఇక్కడ తిరగబడింది. కరిగిపోతున్నది అది అందని మధ్యభాగం. ఒకే రేకు రెండు ముక్కలై చిన్న బ్యాటరీలా పనిచేస్తోందన్నమాట. మధ్యలో ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదిలిపెడుతుంది. అవి రేకులోంచే ప్రయాణించి అంచు చేరతాయి. అక్కడి ప్రాణవాయువు వాటిని అందుకుంటుంది. తినేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు!

ఇప్పుడు బొట్టు స్థానంలో కూలర్ తొట్టిలోని మట్టి అట్టను ఊహించుకోండి. దాని చుట్టూ ఉన్న రేకుకి నీటిలో కరిగిన ప్రాణవాయువు అందుతుంది. అట్ట కిందకి అందదు. కాబట్టి కింద కరుగుతుంది. పైగా చుట్టూ ఉన్న రేకు జానెడు, అట్ట కింద చోటు అంగుళం. జానెడు రేకు ఆకలంతా ఆ అంగుళమే తీర్చాలి. అందుకే అంత వేగం.

ఒకసారి మొదలైతే ఆగదు కూడా. కరిగిన ఇనుము నీటితో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. నీటిలోని ఉప్పు తాలూకు క్లోరైడ్లు మట్టి సందుల్లోంచి లోపలికి చేరి ఆ ఆమ్లానికి తోడవుతాయి. పైన మట్టి మూత ఉంది కదా, బయటి మంచినీళ్లు వచ్చి దాన్ని పలచన చేయవు. గుంట ఎంత లోతైతే అంత ఘాటు, ఎంత ఘాటైతే అంత లోతు. ఇంజినీర్లు దీన్ని ‘అండర్ డిపాజిట్ కరోజన్’ అంటారు. మన భాషలో మడ్డి కింది తుప్పు.

గొట్టాలూ బాయిలర్లూ కట్టేటప్పుడు తుప్పుని లెక్కలోకి తీసుకోరా అని మీకు అనుమానం రావచ్చు. తీసుకుంటారు. ఏడాదికి ఎంత అరుగుతుందో అంచనా వేసి, తరచూ 3 మిల్లీమీటర్ల దాకా అదనపు మందం పెడతారు. అన్నిచోట్లా సమానంగా అరిగితే ఆ లెక్క భేషుగ్గా సరిపోతుంది. ఈ తుప్పుకి సమానత్వం తెలీదు. మీటరు పొడవునా కొత్త గొట్టంలా ఉండి, బొటనవేలంత మేర మాత్రం కాగితమైపోతుంది. పరీక్షకు వచ్చినవారు పక్కన మందం కొలిస్తే ‘అంతా సవ్యం’ అని రాసుకుపోతారు.

మరి చమురు గొట్టంలో గాలెక్కడిది?

నిజమే. ముడిచమురు గొట్టంలో ప్రాణవాయువు ఉండదనే చెప్పాలి. అక్కడ పాత్రలు మారతాయి, నాటకం మాత్రం అదే. నేలలోంచి చమురుతోపాటు కొంత నీరు, బొగ్గుపులుసు వాయువు, సన్నటి ఇసుక వస్తాయి. శుద్ధి చేశాక కూడా ఎంతోకొంత మిగులుతుంది. నీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు ఆమ్లంగా మారి ఇనుమును తింటుంది. దీనికి విరుగుడుగా తుప్పు నిరోధక రసాయనాలు కలుపుతారు. అవి గొట్టం లోపలి గోడకు సన్నటి పొరలా పట్టుకుని కాపాడతాయి. చిక్కల్లా, మడ్డి కిందకి ఆ రసాయనం చేరదు. చుట్టూ గోడకు రక్షణ, మడ్డి కింద దిసమొల.

దానికి తోడు సూక్ష్మజీవులు. ప్రాణవాయువు ఉంటే బతకలేని బ్యాక్టీరియా కొన్ని ఉన్నాయి. సల్ఫేట్లను వాడుకుని బతుకుతాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని వదుల్తాయి. మడ్డి వాటికి వెచ్చటి దుప్పటి. కిందున్న ఉక్కుకి అదే గండం. ప్రూడో బే గొట్టం విషయంలోనూ అడుగున చేరిన మడ్డి, దాని కింద పెరిగిన బ్యాక్టీరియా మీదే వేళ్లు తిరిగాయి.

మడ్డి అంతలా ఎందుకు చేరింది? నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇదే. 1980ల్లో ప్రూడో బేలో రోజుకు 15 లక్షల బ్యారెళ్ల చమురు పొంగేది. గొట్టాలు ఆ వరదకు తగ్గట్టు వేసినవి. 2006 నాటికి ఉత్పత్తి మూడోవంతు కూడా లేదు. గొట్టం లావు మాత్రం అదే కదా! ప్రవాహం నెమ్మదించింది. గోదావరి వరదలో ఇసుక కొట్టుకుపోతుంది. వరద తీశాక మేట వేస్తుంది. గొట్టంలోనూ అంతే. అడుగున మేట పడింది.

పైగా అవి బావినుంచి నేరుగా వచ్చే ముడిసరుకు గొట్టాలు కావు. నీరూ ఇసుకా తీసేశాక అమ్మకానికి వెళ్లే చమురు గొట్టాలు. ‘శుభ్రమైన చమురేగా’ అన్న ధీమా. శుభ్రమైనచోట మురికి పేరుకుంటుందని ఎవరనుకుంటారు!

పంపాల్సింది పందిని

గొట్టం లోపల శుభ్రం చేయడానికి చమురు పరిశ్రమలో ఓ సాధనం ఉంది. పేరు ‘పిగ్’. అవును, పందే. గొట్టంలో పోతూ పందిలా కీచుమంటుందని ఆ పేరు వచ్చిందంటారు. గొట్టానికి సరిగ్గా సరిపోయే బిరడాలాంటిది, చుట్టూ రబ్బరు అంచులు, కొన్నిటికి బ్రష్షులు. ఓ చివర పెడితే వెనకనుంచి చమురే తోసుకుపోతుంది. దారిలోని మడ్డినంతా గీరుకుంటూ రెండో చివర తేలుతుంది. దీనికో తెలివైన తమ్ముడున్నాడు, ‘స్మార్ట్ పిగ్’. అయస్కాంత క్షేత్రంతో గోడను తడుముతూ పోయి, ఎక్కడెక్కడ మందం తగ్గిందో రికార్డు చేసుకొస్తుంది.

అదే ప్రూడో బే నుంచి అలాస్కా దక్షిణ తీరానికి 800 మైళ్ల దూరం చమురును మోసే ట్రాన్స్ అలాస్కా పైప్‌లైన్‌లోకి ఈ పిగ్‌లను క్రమం తప్పకుండా పంపుతుంటారు. దానికి చమురు అందించే బీపీ గొట్టాల సంగతి వేరు. చిల్లుపడ్డ పడమటి గొట్టంలోకి స్మార్ట్ పిగ్ చివరిసారి వెళ్లింది 1998లో. తూర్పు గొట్టంలోకైతే 1990ల ఆరంభం తర్వాత వెళ్లనే లేదు. ఒత్తిడి తక్కువగా ఉండే గొట్టాలు కాబట్టి, ఆనాటి కేంద్ర నిబంధనలు కూడా వాటికి వర్తించేవి కావు. చేస్తే మంచిది, చేయకపోతే అడిగేవారు లేరు. తుప్పు నివారణ మీద ఖర్చు తగ్గిస్తున్నారని సిబ్బందిలో కొందరు ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు.

2006 సెప్టెంబరులో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ జరిపింది. అక్కడ తుప్పు నివారణ విభాగానికి ఒకప్పుడు నేతృత్వం వహించిన అధికారి, తనమీదకి తెచ్చుకునే సాక్ష్యం చెప్పనవసరం లేదన్న రాజ్యాంగ హక్కును వాడుకుని నోరు విప్పలేదు. 2007లో బీపీ అనుబంధ సంస్థ తప్పు ఒప్పుకుని 2 కోట్ల డాలర్లు చెల్లించింది. 2011లో మరో రెండున్నర కోట్ల డాలర్ల సివిల్ జరిమానా పడింది. గొట్టాలు మార్చిన ఖర్చు వేరే. ఇన్ని కోట్ల లెక్కల్లో ఒక్కటి మాత్రం ఊరట. మనుషులెవరూ పోలేదు.

నది ఒడ్డున, కొబ్బరితోటల నడుమ

అన్నిచోట్లా అంత అదృష్టం లేదు. 2000 ఆగస్టు 19, అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, కార్ల్స్‌బాడ్ దగ్గర పెకోస్ నది. వారాంతపు సరదాగా చేపలు పట్టుకుందామని బంధువులంతా కలిసి వచ్చి నది ఒడ్డున వంతెన దగ్గర గుడారాలు వేసుకున్నారు. తెల్లవారుజామున 5.26. ఆ దగ్గర్లో నేలలో ఉన్న 30 అంగుళాల సహజవాయువు గొట్టం పేలింది. 12 మంది బలయ్యారు. వాళ్లలో పసిపిల్లలున్నారు. గొట్టం 1950లో వేసింది. పల్లంగా ఉన్న ఓ చోట నీరు, మలినాలు చేరి అడుగుభాగం లోపలినుంచి గుంటలుపడి సన్నబడిపోయిందని దర్యాప్తులో తేలింది. ఆ నీటిని పక్కకు లాగేయడానికి పెట్టిన ఏర్పాటు మడ్డితో కొంత పూడిపోయి ఉంది. వంపుల వల్ల ఆ భాగంలోకి పిగ్‌ని పంపే వీల్లేదు.

తెల్లవారుజామున గ్యాస్ గొట్టం అనగానే మనకు గుర్తొచ్చే ఊరు వేరే ఉంది. 2014 జూన్ 27, కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం. ఊరు ఇంకా పూర్తిగా నిద్రలేవకముందే గెయిల్ గొట్టం పేలింది. తాటిపాక వైపు నుంచి కొండపల్లి దగ్గరి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసే 18 అంగుళాల గొట్టమది. ఇళ్లు, కొబ్బరిచెట్లు, పశువులు, పక్షులు... 20 మందికి పైగా ప్రాణాలు మంటల్లో కలిసిపోయాయి. గ్యాస్ వాసన వస్తోందని అంతకుముందే చెప్పామని గ్రామస్థులు వాపోయారు.

నగరంలో జరిగింది అచ్చంగా మడ్డి కింది తుప్పేనని నేను అనను. అక్కడ ప్రధాన దోషిగా తేలింది నీరు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరూ, ద్రవాలూ కలిసిన తడి గ్యాస్ వెళ్లిందనీ, దాంతో లోపలినుంచి తుప్పుపట్టి గోడ దెబ్బతిందనీ విచారణలో బయటపడింది. అయినా వరస ఒకటే కనిపిస్తుంది. గొట్టంలో ఉండకూడనిది అడుగున చేరడం, దాన్ని తీయాల్సినవారు తీయకపోవడం. ప్రూడో బేలో ఆపరేటర్ ముక్కుకి తెలిసింది, నగరంలో ఊరివాళ్ల ముక్కుకి తెలిసింది.

బాయిలర్ ట్యూబ్ లీకేజీ అంటే...

‘బాయిలర్ ట్యూబ్ లీకేజీతో థర్మల్ కేంద్రంలో యూనిట్ నిలిచిపోయింది’... పేపర్లో ఈ వార్త ఎన్నిసార్లు చదివుంటారు! రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, పేరు మారుతుంది గానీ వాక్యం మారదు. ఆ లీకేజీలన్నిటికీ ఒకే కారణం ఉండదు. బొగ్గు బూడిద రాపిడికి పోయేవి, అతివేడికి పోయేవి చాలా. కానీ లోపలివైపు నుంచి పోయేవాటిలో మన కథానాయకుడి వాటా ఉంది.

బాయిలర్ ట్యూబులు కూడా ఎక్కువభాగం కార్బన్ స్టీలే. నీటితోపాటు కొట్టుకొచ్చిన ఐరన్ ఆక్సైడ్ లోపలి గోడకి, మంట తగిలేవైపు, స్పాంజిలా పేరుకుంటుంది. ఆ స్పాంజిలోకి దూరిన నీరు అక్కడే ఆవిరైపోతుంది. దాంట్లోని రసాయనాలు మాత్రం మిగిలిపోతాయి. పప్పు మాడిన గిన్నె అడుగున ఉప్పు ఘాటెక్కినట్టు, బయట నీళ్లలో లెక్కలోకి రానంత ఉన్న క్షారమో ఆమ్లమో పొర కింద వేల రెట్లు చిక్కబడుతుంది. బయట నీటి పరీక్ష మామూలే, ట్యూబు మాత్రం కొరికేసినట్టు గుంటపడుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి నమూనాకు ఓ ట్యూబు ముక్క కోసి, లోపల పొర ఎంత బరువుందో తూచి, హద్దు దాటితే బాయిలర్ మొత్తాన్ని ఆమ్లంతో కడుగుతారు. ఆ కొన్ని రోజులూ కరెంటు ఉత్పత్తి ఉండదు కాబట్టి, వచ్చే ఏడాది చూద్దాంలే అనిపించడం సహజం. అలా అనిపించకుండా చూడటమే అక్కడి కెమిస్టు ఉద్యోగం.

ఇంట్లో ఎక్కడ వెతకాలి?

స్కూటర్ కాళ్ల దగ్గరి రబ్బరు మ్యాట్ ఎత్తి చూడండి. వాన నీళ్లు, ఇసుక దానికింద నెలల తరబడి ఉండిపోతాయి. కారు చక్రాల పైభాగంలో లోపలివైపు అంటుకున్న బురద అంతే. పైన పాలిష్ చేయించేకన్నా, వానాకాలం వెళ్లాక ఓసారి కిందనుంచి నీళ్లు కొట్టించడం మేలు. ఇనప గేటు పైభాగం రంగు మెరుస్తున్నా, మట్టిలో కూరుకున్న అడుగు కమ్మీని ఓసారి తట్టి చూడాలి. విశాఖ, కాకినాడల్లాంటి తీరపు ఊళ్లలో గాలిలోనే ఉప్పుంటుంది కాబట్టి ఇంకా త్వరగా పోతుంది. మట్టి గీకేశాక తడి పూర్తిగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ తర్వాతే రంగు. తడిమీద రంగేస్తే మనమే దానికి ఇంకో మూత పెట్టినట్టు.

అలాస్కాలో 22 మైళ్ల గొట్టాల్లో 16 మైళ్లు మార్చేశారు. కొత్తవి పాతవాటికన్నా సన్నవి, తగ్గిన చమురైనా వడిగా పారి మేట వేయకుండా. పిగ్‌ని లోపలికి పంపే ద్వారం, బయటికి తీసే ద్వారం ఈసారి ముందే పెట్టారు. మా కూలర్ విషయానికొస్తే, ఎం-సీల్ ఒక వేసవి ఆగింది. ఈ ఏడాది చిల్లు దాని పక్కన కాదు, సరిగ్గా దాని అంచు కింద పడింది. మెకానిక్ చూసి నవ్వాడు. ‘అదీ మూతే కదా సార్’ అన్నాడు.